ఎన్నాళ్లుంటావు?

పేరడగలేదు, దేశమడగలేదు.
గేటు తీస్తూనే యోసెలిన్ అడిగింది:
"ఎన్నాళ్లుంటావు?"

మూడు నెలలన్నాను.
పదకొండేళ్ల పిల్ల వేళ్లు మడిచి చూసుకుని
"జర్మనీ ఆవిడ ఆరంది, నాలుగుంది" అంటూ
నా పెట్టె పిడి పట్టుకుని మెట్లెక్కింది.

కొచబంబాలో తెల్లవారితే
ఇరవై మూడు తలలు, రెండు దువ్వెనలు,
ఒక వెనిగర్ సీసా.
పెట్టెలో తెచ్చుకున్న పాఠాలూ రంగు కాగితాలూ
పెట్టెలోనే ఉన్నాయి.
అక్కరకొచ్చింది మా నాయనమ్మ ఒళ్లో నేర్చిన విద్య,
పేలు చూడటం.

ఒక పిల్ల మెడ వెనక, పాయ తీసేచోట
సిగరెట్టు ఆర్పిన మచ్చ.
దువ్వెన అక్కడ ఆగకూడదని
రెండోరోజుకే తెలిసింది.
ఆగితే ఆ భుజాలు రాయైపోతాయి.
దాటి వెళ్లిపోవాలి, ఏమీ చూడనట్టు
చిక్కు తీస్తున్నట్టే.

రాత్రిళ్లు రోచా వంతెన కింద.
నది అనడం మర్యాద కోసమే.
డాన్ సెవెరో వ్యాన్ తలుపు తెరిస్తే
ఊదారంగు మొక్కజొన్న జావ ఆవిరి.
చొక్కా చేతుల్లో సీసాలు దాచుకుని
కుర్రాళ్లు ఒక్కొక్కరే లేచొస్తారు.
చెప్పులతికించే జిగురే అది.
డొక్కని వీపుకి అతికించడానికి కూడా పనికొస్తుంది.

విల్మెర్‌కి పదహారుంటాయి.
మడమ మీద పుండు కడుగుతుంటే
నాకు తెలియని బూతులన్నీ తిట్టి,
కట్టు కట్టాక, క్షమాపణ చెప్పలేక కాబోలు,
కుక్కని పరిచయం చేశాడు.
దాని పేరు మంత్రిగారు.
"పని చెయ్యడు, తింటాడు" అన్నాడు.

సాయంత్రాలు యోసెలిన్
తన రొట్టెలో సగం నా కోటు జేబులో పెట్టేది.
"వంతెన దగ్గర కుక్కలుంటాయిగా, వాటికి."
నేను కుక్కలకే వేశాను.
రెండు వారాలు, బుద్ధి లేకుండా,
మంత్రిగారికే వేశాను.

ఒక రాత్రి విల్మెర్ నా చేతిలోంచి లాక్కున్నాడు.
లాంతరు కిందకి తీసుకెళ్లి తిప్పి చూశాడు.
అంచున గోటితో నొక్కిన మూడు గీతలు.
"ఎవరిచ్చారు?"

ఆశ్రమంలో ఒక కాగితం మీద సంతకం పెట్టి ఉన్నాను:
లోపలి కబురు బయటికి, బయటిది లోపలికి మోయను.
ఎందుకో మదర్ యులోగియా చెప్పింది కూడా.
పిల్లల కోసం వచ్చేవాళ్లందరూ అన్నలు కారట.
"ఎవరో. కుక్కల కోసం" అన్నాను.
"అయితే నాకే" అన్నాడు.
తినలేదు. టోపీలో పెట్టి, టోపీ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత రొట్టె రోజూ నేరుగా టోపీలోకే.
పొద్దున్నే జడ వేస్తుంటే యోసెలిన్ అడిగేది
"కుక్కలు తిన్నాయా?"
"తిన్నాయి."
"కుంటుతున్నాయా?"
"కొంచెం తగ్గింది."
అంతవరకే. సంతకం సంతకంలాగే ఉంది.

జూన్‌లో, ఏడాదికల్లా చలి ఎక్కువైన రాత్రి,
ఊరంతా వీధుల్లో మంటలు వేసుకుంది.
వంతెన కింద మాత్రం బూడిద.
పోలీసులు వచ్చి వెళ్లారట.
తడిసిన ఒక దుప్పటి, దాని మీద మంత్రిగారు.
ఎవరికోసమో చూసి నన్ను చూశాడు.
ఆసుపత్రి, స్టేషను, బస్టాండు తిరిగాం.
డాన్ సెవెరో అడిగినచోటల్లా తలలు అడ్డంగా ఊగాయి.

పొద్దున యోసెలిన్ నా జేబులో చెయ్యి పెట్టింది.
రొట్టె ఉంది. గట్టిపడింది.
"మన కన్చు" అంది.
ఆ మాట స్పానిష్ కాదు. వాళ్లమ్మ మాట, కెచువా.
నాకు "మన" ఒక్కటే వినిపించింది.
ఏం మాట్లాడాలో తెలియక, తెలివి తక్కువగా చెప్పాను:
"మా భాషలో మన అంటే
నీదీ నాదీ, ఇద్దరిదీ."

నన్ను చాలాసేపు చూసింది.
"మాకు మన అంటే లేదు" అంది.
"మన కన్చు. ఇక్కడ లేదు."

రొట్టె తీసి పారేస్తుందనుకున్నాను.
తిరిగి జేబులోనే పెట్టి
పైన గుండీ పెట్టింది.
వేళ్లు మడిచింది.
"ఇంకా పదకొండు రాత్రులున్నావుగా" అంటూ
దువ్వెన నా చేతికిచ్చి
వెనక్కి తిరిగి కూర్చుంది.